సామీప్య దోషం

మా ఆఫీసులో కెమెరాలు రెండు. ఒకటి నాది, ఒకటి ప్రభుత్వానిది.

నాది ముసలిది. పెళ్లిళ్లు తీసుకుని బతికే రోజుల్లో, పన్నెండేళ్ల కిందట కొన్నాను. లెన్సు విప్పి ఇంకో లెన్సు తగిలించుకునే రకం. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిలు ట్యూబు ముక్క అంటించాను. లోపల ఎక్కడో ధూళి చేరి, తీసిన ప్రతి ఫొటోలోనూ కుడివైపు పైమూల ఆవగింజంత నల్లచుక్క పడుతుంది. బాగు చేయించాలంటే విశాఖపట్నం వెళ్లాలి. వెళ్లలేదు. పెళ్లివాళ్లు అడిగితే దిష్టిచుక్క అని చెప్పేవాణ్ణి. చాలామంది సంతోషించేవారు కూడా.

ప్రభుత్వానిది కొత్తది. దాని లెన్సు విప్పడానికి రాదు. మీట నొక్కితే గొట్టం బయటికి సాగుతుంది, ఇంకా సాగుతుంది, ఇక చాలు అనుకున్నాక కూడా సాగుతుంది. గొట్టం చుట్టూ బంగారు రంగు అక్షరాలతో అరవై ఐదు రెట్లు దగ్గరగా చూపిస్తానని రాసి ఉంటుంది. నాదాని మీద రాసింది ఎప్పుడో చెరిగిపోయింది. రాసి ఉన్న రోజుల్లో కూడా అది మూడు రెట్లే.

ఏది మంచిదని నన్నడిగితే ఉన్నమాట చెబుతాను. దూరంగా ఉన్నదాన్ని చూపడంలో కొత్తదానికి సాటి లేదు. అయితే దాని లోపల వెలుగు పట్టే పలక పెసరబద్దంత ఉంటుంది, నాదానిలో తపాలా బిళ్లంత. అందుకని గుడ్డి వెలుతురు గదిలో కొత్తది మనిషి ముఖాన్ని అలికేస్తుంది. నాది ఉన్న ముడత ఉన్నట్టు చూపిస్తుంది. ఎక్కడికైనా నడిచి వెళ్లగలిగితే నాది మేలు. వెళ్లలేకపోతే అది మేలు. ఇంతే సంగతి. ఇది రెండు నిమిషాల్లో తేలే విషయం కాబట్టి దీనికి కమిటీ వేశారు.

అక్టోబరు తుఫాను తరవాత మా సింగుపేటలో తుఫాను గృహనష్ట నిర్ధారణ ప్రత్యేక విభాగం అని ఒకటి తెరిచారు. మూడంతస్తుల మేడ, పన్నెండు పోస్టులు. అందులో ఫొటోగ్రాఫరు పోస్టు నాది. సొంత కెమెరా తెచ్చుకున్నవాడు దొరకడంతో నన్ను తీసుకున్నారు. నా పేరు గున్నయ్య. పని ఏమిటంటే, ఊళ్లు తిరిగి కూలిన ఇళ్ల ఫొటోలు తియ్యడం. ఫొటో ఉంటేనే జాబితాలో పేరు, పేరుంటేనే గోడా, పైకప్పు రేకులూ. ఫోనులో తీసినవి చెల్లవని మొదట్లోనే సర్క్యులర్ వచ్చింది. ఫోను అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి అది అధికారిక పరికరం కాదన్నారు.

గెడ్డవలసలో దాలమ్మ ఇంటికి అలాగే వెళ్లాను. రెండు గదుల ఇల్లు. వెనక గోడ మొత్తం తుఫానుకి పోయింది. అక్కడ పాత చీరలు నాలుగు కలిపి కుట్టి వేలాడదీసింది. ఆమె భర్త అప్పలసూరికి ఉబ్బసం. రాత్రంతా ఆ చీరల్లోంచి వచ్చే చలిగాలికి దగ్గుతూ కూర్చుంటాడట. పడుకోలేడు. దగ్గరికెళ్లి, వంగి, లోపల్నుంచీ బయట్నుంచీ నాలుగు ఫొటోలు తీశాను. బయల్దేరుతుంటే దాలమ్మ ఉడకబెట్టిన తేగలు రెండు చేతిలో పెట్టింది. తిన్నాను.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. మా పర్యటన డైరీలో చివర ఒక గడి ఉంటుంది. స్వీకరించిన ఆహార పానీయాలు అని దాని పేరు. ఆ విభాగం పుట్టినప్పటి నుంచీ అందరూ అందులో 'లేదు' అనే రాస్తున్నారు. నేను 'తేగలు రెండు, ఉడకబెట్టినవి' అని రాశాను. నిజం రాస్తే ఏమవుతుందిలే అనుకున్నాను.

డిసెంబరులో పై ఆఫీసు నుంచి కొత్త కెమెరా పెట్టె దిగింది. దాంతోపాటు ఒక విభాగానికి ఒకే కెమెరా అన్న నిబంధనా దిగింది. రెండింటినీ పోల్చి ఒకదాన్ని ఎంచుకోమన్నారు. మా ప్రత్యేకాధికారి ముక్కామల నరహరిబాబు గారు అధ్యక్షులుగా, పర్యవేక్షకులు కామేశం గారు సభ్యులుగా తులనాత్మక పరిశీలన కమిటీ ఏర్పడింది. నరహరిబాబు గారి గది కిటికీకి అడ్డంగా ఫైళ్ల బీరువా ఉంటుంది. ఆయన ఆ మసక వెలుతురులో కూర్చుని దేశానికి ఎంతైనా సేవ చేయగలరు. కామేశం గారు ఏ వాక్యాన్నయినా 'సదరు' అనకుండా మొదలుపెట్టలేరు.

కమిటీ రెండు కెమెరాలనీ బల్లమీద పక్కపక్కన పెట్టి మార్కులు వేసింది. మొదట రెట్లు చూశారు. అరవై ఐదుకి అరవై ఐదు మార్కులు, మూడుకి మూడు. తరవాత శబ్దం. నాది నొక్కితే 'టకక్' అంటుంది, కొత్తది అనదు. పౌరుల ప్రశాంతతకు భంగం కలిగించే స్వభావం అని నాదానికి కోత పెట్టారు. లెన్సు విడిగా వస్తుందని తెలిసేసరికి కామేశం గారు కలవరపడ్డారు. సదరు పరికరంలో సగం ఒకరి వద్ద, సగం మరొకరి వద్ద ఉన్నచో బాధ్యులెవరని అడిగారు. అందుకూ కోతే. ఇక నల్లచుక్క దగ్గర నేను దొరికిపోయాను. నేను తీసిన ఇళ్ల ఫొటోలన్నింటిలోనూ ఆ చుక్క సరిగ్గా పైకప్పు మీద పడింది. కామేశం గారు భూతద్దం పెట్టి చూసి, నూట నలభై ఇళ్లకి ఒకే చోట చిల్లు పడిందన్నారు. లబ్ధిదారులతో కెమెరా కుమ్మక్కయిందని రాసుకున్నారు.

ఒక్క పరీక్షలో మాత్రం నాది నెగ్గింది. రికార్డు గదిలో లైటు వెయ్యకుండా అటెండరు ముఖం రెండింటితోనూ తీయించారు. నాదానిలో అటెండరు ఉన్నాడు, కొత్తదానిలో ముద్దపిండి ఉంది. నరహరిబాబు గారు రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఈ విభాగం పనిచేసేది పగటిపూట గున్నయ్యా," అన్నారు. "చీకట్లో బాగా కనపడటం అనేది అర్హత కాదు. ఆ మాటకొస్తే అనుమానించవలసిన విషయం."

ఆ సాయంత్రం ఐదున్నరకి కొత్తదాన్ని మేడ మీద పరీక్షించారు. తూర్పున పొలాలు, పొలాల అవతల గెడ్డవలస, ఆ పైన అప్పుడే లేచిన చందమామ. నరహరిబాబు గారు గొట్టం చివరికంటా సాగదీసి చందమామని తీశారు. తెరమీద గుంటలు కనిపించాయి. ఒక్కొక్క గుంటా అంచుతో సహా. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అరవై ఐదు రెట్లకి కళ్లు చెమర్చిన మనిషిని నేను అప్పుడే చూశాను.

"మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు," అన్నారు చివరికి. "ఒక్క లీటరు డీజిలు కాల్చలేదు. గెడ్డవలసకి జీపు ఎందుకయ్యా మనకి?"

మర్నాటికి ఉత్తర్వు తయారైంది. అందులో నా డైరీ కూడా ఉంది. దగ్గరికి వెళ్లిన ఫొటోగ్రాఫరుకు తేగలు పెడతారు, తేగలు తిన్నవాడికి అభిమానం పుడుతుంది, అభిమానంతో తీసిన ఫొటో సాక్ష్యం కాజాలదు అని మూడు మెట్లుగా రాశారు. దీనికి సామీప్య దోషం అని పేరు పెట్టారు. ఇకపై ఫొటోలన్నీ ఆఫీసు మేడ మీద నుంచే. దూరం పెరిగేకొద్దీ నిష్పాక్షికత పెరుగుతుంది కాబట్టి ప్రతి ఫొటో కిందా దూరం రాయాలి. కిలోమీటరు లోపలి నుంచి తీసినవన్నీ రద్దు. ఫొటోగ్రాఫరు లబ్ధిదారుకి కిలోమీటరు లోపల కనిపిస్తే సంజాయిషీ. పాత కెమెరా ఆఫీసు ఆవరణలోకి రాకూడదు. తేగలు తిన్నది నేను, రద్దయింది దాలమ్మ ఫొటో.

నా కెమెరాని మోపెడ్ పెట్టెలో పడేసుకుని, కొత్తదాన్ని మెడలో వేసుకుని మేడెక్కాను. జీతం కావాలి కదా.

ఇంటి నంబర్ల వరసలో తీశాం. దాలమ్మది ఏడో నంబరు. దూరం రెండు కిలోమీటర్ల డెబ్బై ఐదు మీటర్లు. ఆమె ఇంటి ముందు గోడ సరిగ్గా మా మేడ వైపే ఉంది. మనిషి శుభ్రమైంది, ముందు గోడకి సున్నం వేసుకుంది, అరుగు కింద ముగ్గు పెట్టుకుంది. చక్కగా వచ్చింది ఫొటో. కింద కామేశం గారు 'చెక్కు చెదరలేదు' అని రాశారు. వెనక గోడ లేదండీ అని నేనన్నాను. వెనక అనేది ఫొటోలో ఎక్కడుందో చూపించమన్నారు. చూపించలేకపోయాను.

మూడో రోజున దాలమ్మే వచ్చింది. నేను నిబంధన ప్రకారం తలుపు వెనక నిలబడ్డాను. కామేశం గారు ఫొటో చేతికిచ్చి ఇది నీ ఇల్లేనా అని అడిగితే, ముందు ఆమె ముఖం వెలిగిపోయింది. ముగ్గు కూడా కనపడుతోందని మురిసిపోయింది. తమ ఇంటి ఫొటో చేతికి రావడం అదే మొదటిసారట. తరవాత కింద రాసింది ఏమిటని అడిగి తెలుసుకుంది.

"ముందర బాగానే ఉన్నాది బాబూ," అంది. "పడిపోనాది ఎనకాల గోడ. ఎనక్కొచ్చి సూడండి ఓపాలి."

కామేశం గారు ఆమె మాట విన్నారు, గోడ గడియారం చూశారు, నన్ను మేడ మీదికి పంపారు. వెంటనే ఇంకో ఫొటో తీసి పట్టుకురమ్మన్నారు. తెచ్చాను. సమయం పది నలభై. ఇంట్లో ఎవరూ లేరు. సదరు గృహమునందు నివాసులు లేనట్లు ఫొటో ద్వారా రుజువైనదని ఆయన దాలమ్మకి వివరించారు. తను ఇక్కడ ఉంది కదా అని దాలమ్మ అంది. ఆయన చాలా ఓర్పుగా, అందుకే అక్కడ లేవు అన్నారు. మరి భర్త ఏడని ఆయన అడిగితే, అప్పలసూరి ఇంటి వెనకాల ఎండలో కూర్చున్నాడట. గోడ లేకపోవడం వల్ల పొద్దుటి ఎండ అక్కడికి బాగా వస్తుందట, ఛాతీకి హాయిగా ఉంటుందట. కామేశం గారు వెనక అనే మాట మీద మళ్లీ తల అడ్డంగా ఊపారు.

ఆమె వెళ్లబోతుంటే, మనిషి చెడ్డవాడు కాదు కాబట్టి, జాలిపడి ఒక మాట అన్నారు. "చూడమ్మా, మాకు కనపడే గోడ పడి ఉంటే అది వేరే సంగతి. జాబితా నెలాఖరు శుక్రవారం సాయంత్రం మూసేస్తాం. ఆ లోపల ఏదైనా కనపడితే రాసుకుంటాం."

తలుపు వెనక నుంచి నేను ఆ మాట విన్నాను. బయటికొచ్చి, ఆయన మాట పట్టించుకోవద్దమ్మా అని చెప్పి ఉండవలసింది. సంజాయిషీకి భయపడ్డాను. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఈలోగా జనానికి విషయం అర్థమైంది. మన జనానికి ఉత్తర్వు అర్థం కావడానికి మూడు రోజులు చాలు, రాసినవాళ్లకే ఎక్కువ పడుతుంది. మా మేడకి ఎదురుగా ఉన్న ఇళ్లన్నీ ఒక్కసారిగా పాడుపడ్డాయి. విరిగిన తాటిదూలాలూ, పెంకుల కుప్పా, చిరిగిన టార్పాలినూ కలిపి ఒక కూలిన ముఖద్వారం తయారుచేసి, నాటుబండి మీద ఇంటింటికీ తిప్పే ఏర్పాటు జరిగింది. పొద్దున ఒకటో నంబరు ముందు, తొమ్మిదికి పదమూడో నంబరు ముందు. నేను ఆ పెంకుల్ని గుర్తుపట్టడం మొదలెట్టాను. డాబా ఇంటి పెద్దమనిషి ఒకాయన, ఇంటికి తుఫానులో తలుపు గొళ్లెం కూడా ఊడలేదు, గోడ మీద బొగ్గుతో పైనుంచి కిందికి నెర్రె గీయించాడు. అరవై ఐదు రెట్లలో అద్భుతంగా వచ్చింది. నరహరిబాబు గారు దాన్ని నమూనా ఫొటోగా నోటీసు బోర్డుకి పెట్టించారు. కొత్త విధానం వచ్చాక నష్టం ఎంత స్పష్టంగా కనిపిస్తోందో చూడమన్నారు.

దీని మీద ఇంకో విచిత్రం. ఎంత చలికాలమైనా, పదకొండు దాటాక ఎండ కాస్త ముదిరితే పొలాల మీద గాలి ఆడుతుంది. అంత దూరం నుంచి గొట్టం సాగదీస్తే ఇళ్లు నీళ్లలో ఉన్నట్టు వంకర్లు తిరుగుతాయి. నేను ఇది కెమెరా గుణం అని చెప్పేలోపల కామేశం గారు ఫొటో లాక్కుని చూశారు. సదరు గృహములు ఊగిసలాడుచున్నందున నివాసయోగ్యం కావు అని రాసేశారు. ఆనాటి నుంచి మధ్యాహ్నం తీసిన ఇళ్లన్నీ కూలడానికి సిద్ధంగా ఉన్నవి, పొద్దున తీసినవి గట్టివి. మధ్యాహ్నం వంతు కోసం సిఫారసు ఉత్తరాలు పట్టుకుని జనం మేడ మెట్ల మీద బారులు తీరారు. దాలమ్మది ఏడో నంబరు. ఏడో నంబరు ఎప్పుడూ ఎనిమిది గంటలకే వస్తుంది. ఎనిమిది గంటలకి ఆమె ఇల్లు రాయిలా నిలబడి ఉంటుంది.

మా విధానానికి పేరొచ్చింది. పేరు వస్తే పైవాళ్లకి ఆలోచన వస్తుంది. మా పడమటి వైపు ఆరు కిలోమీటర్ల దూరంలో నల్లకొండ, కొండ మీద పై ఆఫీసు. వాళ్లు ఇంకా పెద్ద గొట్టం ఉన్నది కొనుక్కుని మా హాజరు అక్కడి నుంచే తీసుకోవడం మొదలుపెట్టారు. హాజరు పట్టీ దగ్గరగా ఉండి సంతకం చేసేది కాబట్టి అందులో సామీప్య దోషం ఉందన్నారు. ఆ మాట మా దగ్గర నేర్చుకున్నదే. పది గంటల నుంచి ఐదు దాకా సిబ్బంది అంతా మేడ మీద నిలబడాలి, ముఖం కొండ వైపు ఉండాలి, వాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు తలలు లెక్కపెట్టుకుంటారు.

దాంతో ఆఫీసు పని ఆగిపోయింది. గెడ్డవలస వైపు ఆ వారమంతా కెమెరా తిరగలేదు, తిప్పితే నా వీపు కొండ వైపు అవుతుంది. అర్జీలు పట్టుకొచ్చినవాళ్లు మెట్లెక్కి మా వెనక నిలబడి, మా మెడలతో మాట్లాడి వెళ్లేవారు.

నరహరిబాబు గారు మాత్రం మేడ ఎక్కలేదు. ప్రత్యేకాధికారి ఎండలో నిలబడటం హోదాకి తగదని గదిలోనే ఉన్నారు. ఆయన లేకపోతే మేము పదకొండు మందిమి. అయినా కొండ మీద నుంచి రోజూ 'పన్నెండు, సరిపోయినది' అనే కబురు వచ్చింది. నాకు ఎందుకో అర్థమైంది. మేడ మూల నల్లటి నీళ్ల ట్యాంకు ఉంది. మనిషి ఎత్తు, నిండైన విగ్రహం. కామేశం గారు వెళ్లి చెబితే, నరహరిబాబు గారు దాన్ని సర్దుబాటుగా భావించమన్నారు.

బుధవారం నాడు కొండ నుంచి ప్రశంసా లేఖ వచ్చింది. ఈశాన్య మూలలో నిలబడే ఉద్యోగి మూడు దినములుగా భోజన విరామం కూడా తీసుకొనక, కించిత్తు కదలక విధి నిర్వహించుటను గమనించామనీ, మిగతావారు ఆదర్శంగా తీసుకోవాలనీ, ఆ ఉద్యోగిని స్వయంగా చూడగోరుతున్నామనీ రాశారు. పన్నెండో మనిషి తానే కాబట్టి ఆ ప్రశంస తనదేనని నరహరిబాబు గారు తీర్మానించుకున్నారు. గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మేడ ఎక్కారు. ట్యాంకు పక్కనే నిలబడి కొండకేసి చిరునవ్వు నవ్వారు.

జాబితా మూసే శుక్రవారం పొద్దున ఇంకో లేఖ వచ్చింది. మంజూరైన పోస్టులు పన్నెండు, మొదటి మూడు దినములూ హాజరైనవారు పన్నెండుమంది, గురువారం నాడు అదనంగా కనిపించిన పదమూడవ వ్యక్తి ఎవరు అని అందులో ప్రశ్న. ముందు రోజుల్లో లేనందున సదరు వ్యక్తి ఉద్యోగి కాడని భావిస్తున్నామనీ, ఆతడు ప్రభుత్వ ఆవరణలో ఎలా ప్రవేశించాడో తెలపాలనీ, లేనిచో ఈ సాయంత్రం ఐదు గంటలకు బయటకు పంపవలసిందనీ ఆదేశం. ఆతడే ప్రత్యేకాధికారి అయినచో, తన గదిలో తన కుర్చీలో కూర్చుని ఉన్న ఫొటో పంపాలట, ముఖం గుర్తుపట్టేలా.

అంతవరకూ నరహరిబాబు గారికి చెమట పట్టడం నేను చూడలేదు. నన్ను గదిలోకి పిలిచారు. కొత్త కెమెరాతో తీశాను. ఆ మసకలో ముద్దపిండి వచ్చింది. లైటు మెరిపించి తీస్తే కళ్లద్దాల మీద రెండు సూర్యబింబాలు వచ్చాయి. బీరువా జరుపుదామంటే అది గోడకి తాపడం. మూడు రకాలుగా తీసినా కుర్చీలో ఎవరో ఉన్నారని తెలుస్తోంది గాని ఎవరో తెలియడం లేదు.

"నీ పాతది ఉందా?" అన్నారు, గొంతు తగ్గించి.

మోపెడ్ పెట్టెలో ఉందన్నాను. పట్టుకురమ్మన్నారు. దగ్గర నుంచి తీసిన ఫొటో చెల్లదు కదండీ, తమ సంతకంతోనే ఉత్తర్వు ఉంది కదండీ అన్నాను. నా జీవితంలో ఇంత వినయంగా ఏ మాటా అనలేదు. ఆయన కామేశం గారిని పిలిచి సవరణ రాయమన్నారు. కామేశం గారు నిలబడే రాశారు. 'గున్నయ్య పాత కెమెరాతో దగ్గర నుంచి తీసిన ఫొటో అధికారుల విషయమున మాత్రమే సాక్ష్యముగా స్వీకరించబడును.'

"అధికారులంటే ఎవరెవరో జాబితా జతపరచాలేమోనండీ," అన్నాను. "ఒక్కొక్కరి దూరంతో సహా, పదకొండు ప్రతులు."

కామేశం గారు గడియారం చూశారు. పదికి నాలుగు నిమిషాలుంది. పది గంటలకి మేడ మీద లేకపోతే ఆయన తల కూడా లెక్కలోంచి పోతుంది. కలం తీసి 'అధికారుల విషయమున మాత్రమే' అన్న మూడు మాటలూ కొట్టేశారు. ఇప్పుడా ఉత్తర్వు ఎవరి ఫొటోకైనా వర్తిస్తుంది. నరహరిబాబు గారు చదవకుండా సంతకం పెట్టారు.

అప్పుడు తీశాను. టకక్ మన్నది. పౌరుల ప్రశాంతతకి ఏ భంగమూ రాలేదు. నుదుటి మీది చెమట బొట్లతో సహా నరహరిబాబు గారు నరహరిబాబు గారిలాగే వచ్చారు. కుడివైపు పైమూల నల్లచుక్క. దిష్టి తగలదులెండి అన్నాను. ఆయన ఫొటో చూసుకుంటూ, దగ్గరగా చూస్తే మనిషి మనిషిలా ఉంటాడయ్యా అన్నారు. ఆ మాట కూడా ఉత్తర్వులో రాయిస్తే బాగుండేది. ఆయన అటు మేడ ఎక్కారు, నేను ఉత్తర్వు జేబులో పెట్టుకుని మోపెడ్ ఎక్కాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆ సాయంత్రం ఐదు లోపల దాలమ్మ పేరు జాబితాలో ఎక్కింది. నా ఫొటో చెల్లింది. ఎండలు ముదిరే లోపల గోడ లేస్తుంది, రేకులు వస్తాయి, అప్పలసూరి వచ్చే చలికాలం పడుకుని నిద్రపోతాడు. చదివేవాళ్లకి ఆ బెంగ అక్కర్లేదు. అయినా ఆ రోజు నేను సంతోషంగా తిరిగి రాలేదు.

గెడ్డవలస చేరేసరికి వీధిలో దుమ్ము లేస్తోంది. దాలమ్మ ముందు గోడ సగానికి పైగా కింద పడి ఉంది. సున్నం వేసుకున్న గోడ, తుఫానుకి కూడా నిలబడిన గోడ. దాలమ్మ చీర చెంగు నడుముకి దోపుకుని, చేత గునపం పట్టుకుని, మిగతా సగాన్ని పొడుస్తోంది. పొడిచి, నాలుగు పెళ్లలు రాలాక, పక్కకి తప్పుకుని, మా ఆఫీసు వైపు తిరిగి నిలబడుతోంది. చెయ్యెత్తి ఊపుతోంది. మళ్లీ వచ్చి పొడుస్తోంది. అప్పలసూరి అరుగు చివర కూర్చుని ఆ దుమ్ముకి ఎగశ్వాస తీస్తున్నాడు. ముగ్గు మట్టి కింద ఉంది.

ఆపమ్మా అని అరిచాను. ఆమెకి వినపడలేదు. దగ్గరికెళ్లి గునపం పట్టుకున్నాను. అప్పుడు తల తిప్పి చూసింది. నా ముఖం చూసింది, మెడలో కెమెరా చూసింది, పొలాల అవతల మేడకేసి చూసింది.

"నువ్విక్కడుంటే," అంది, "మరి నాను పొద్దుట్నుంచీ ఎవలికి సూపిస్తన్నాను బాబూ?"

నేనూ అటు చూశాను. నా ముసలి కెమెరాకి అంత దూరం కనపడదు, నా కళ్లకీ కనపడదు. కానీ నాకు తెలుసు. పదకొండు మందీ వరసగా కొండ వైపు తిరిగి నిలబడి ఉంటారు. ఆమె చెయ్యి ఊపింది వాళ్ల వీపులకి. వాళ్ల పక్కన నీళ్ల ట్యాంకు ఉంటుంది. దానికి వీపు లేదు కాబట్టి, ఆ మేడ మీద ఆమె వైపు ఉన్నది అదొక్కటే.